బ్రేకుకు తోలు

మిర్యాలగూడ సాగర్ రోడ్డు మీద
ట్రాక్టర్ సీట్లు, ఆటో టాపులు కుట్టే నా షెడ్డు ముంగట
పొద్దున్నే ఒక బెంజి వచ్చి ఆగింది.
చప్పుడు లేదు.
పండుకున్న కుక్క కూడా లేచి చూడలే.

వెనుక సీటు జానెడు చినిగింది.
పెండ్లికి పోయినప్పుడు ఎవరిదో వడ్డాణం గీకిందట.
కంపెనీకి తోలితే సీటే మార్చాలె, లక్షలు అన్నరట.
"కుట్టు కనపడొద్దు ముత్తిలింగమన్నా"
అన్నడు డ్రైవర్ యాకూబ్.

తలుపు తీస్తే వాసన.
మిల్లు ఓనరు ఈ వాసనకే పడిపోయి కొన్నడట,
ఎక్కంగనే కండ్లు మూసుకొని ఒక దమ్ము పీలుస్తడట.
నేనూ పీల్చిన.
తోలు.
మా నాయిన మట్టయ్య లందకాడ
తంగేడు చెక్క నీళ్లల్ల నానేసిన తోలు.
ఎన్నిసార్లు కడిగినా చేతులను విడువని వాసన.
దానికి ఊరు ముక్కు మూసుకొని
చుట్టు తిరిగి పోయేది.
ఇక్కడ అద్దాలు ఎక్కించి దాచుకుంటున్నరు.

యాకూబ్‌కు మాటలెక్కువ.
షోరూముల ట్రైనింగ్ ఇచ్చినప్పుడు అన్నీ నేర్పిన్రట.
ముందటి చుక్క చూపిచ్చి
"మూడు కొనలన్నా! నేల, నీళ్లు, ఆకాశం.
మూడిట్ల మా ఇంజన్లే నడవాలని గుర్తు" అన్నడు.
నేల మిల్లు ఓనరుది.
నీళ్లు ఎడమ కాలువల ఉన్నయి, చివరి మళ్లకు రావు.
ఆకాశం సంగతి నాకు తెల్వదు, నాది రేకుల షెడ్డు.
"మెర్సిడెస్ అంటే ఒక వ్యాపారి బిడ్డ పేరు" అన్నడు.
గిదేం కొత్త?
నేను కుట్టిన ఆటోల వెనుక
సుచరిత, తన్మయి అని రాసే ఉంటది.

సూదిల దారం ఎక్కిస్తుంటే ఇంకొకటి చెప్పిండు.
నూట ముప్పై ఏండ్ల పైమాట.
బండి చేసినాయన నిద్రల ఉండంగ
ఆయన పెండ్లాం ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని
మూడు గిల్లల బండిల తల్లిగారింటికి బయలెల్లిందట.
మగనికి చెప్పలే.
పెట్రోలు బంకు ఇంకా పుట్టనే లేదు,
మందుల దుకాణంల సీసాలు కొని పోసింది.
గొట్టంల మురికి ఇరికితే టోపీ పిన్నుతోని పొడిచింది.
దిగుడుల చెక్క బ్రేకులు అరిగి, బండి ఆగకపోతే

"ఆగకపోతే?"

"ఊర్ల చెప్పులు కుట్టెటాయన దగ్గరికి పోయి
బ్రేకు చెక్కలకు తోలు కొట్టిపిచ్చిందన్నా."

నా సూది ఆగింది.

పేరేంది?
"ఆమెదా?"
చెప్పులాయనది.
యాకూబ్ తల గోక్కున్నడు. "అది చెప్పలే."

చెప్పరు.
ఆయన మాత్రం ఎంత మందం కావాలె అని అడిగి ఉంటడు.
బొటనవేలితో తోలు ఒత్తి చూసి,
రంపెతో కోసి,
నోట్ల మొలలు పెట్టుకొని
ఒక్కొక్కటి తీసి కొట్టి ఉంటడు.
నోట్ల మొలలున్నోడు పేరెట్ల చెప్తడు?
మా నాయినా అంతే.
మోట తొండం కుట్టినా, డప్పుకు తోలు మూసినా
నోట్ల మొలలే.
దొరకు కిర్రు చెప్పులు కుట్టి ఇచ్చి
ఆ గడి దాటెదాక
తనవి చేతుల పట్టుకొని నడిచేటోడు.

ఉరుకుడు వాళ్లు కనిపెట్టిన్రు.
ఆపుడు మనోడు.

పొద్దుగూకె యాళ్లకు కుట్టు అయిపోయింది.
పైన వేలు పెట్టి రాసినా దొరకదు.
లోపటి మడతల, ఎవ్వరూ చూడని కాడ,
నాయిన వేసే రెండు పేటల ముడి ఒకటి వేసిన.
నాలుగు వేలంటే యాకూబ్ మూడొందలు తగ్గిచ్చిండు.
పోయే ముందు అన్నడు,
"ఒక్కసారి కూసో అన్నా, ఓనరు లేడు గద."

అలవాటుగ చెప్పులు బయట ఇడిసిన.
మళ్ల దిగి తొడుక్కొని
స్టీరింగు ముందట కూసున్న.
నడుపరాదు నాకు.
కాలు చాపి బ్రేకు మీద పెట్టి
మెల్లగ ఒత్తిన.
ఆగి ఉన్న బండిని
ఇంకోసారి ఆపిన.